తొట్టి నిండా పెట్రోలు, బండి మాత్రం కదలదు!

కారు నడిరోడ్డు మీద ఆగిపోతే చూసేవాళ్ళు తలో మాటా చెబుతారు. ఒకరు బేటరీ పోయిందంటారు, ఒకరు కాయిలు కాలిందంటారు, ఇంకొకరు "పెట్రోల్లో నీళ్ళు కలిశాయండీ" అని తేల్చేస్తారు. నిజానికి ఇంజను లోపలి భాగాలు బాగున్నంతవరకూ పెట్రోలు ఇంజనుకి కావలసినవి మూడే: గాలి, ఇంధనం, సరైన వేళకి ఒక నిప్పురవ్వ. గాలికి కరువు లేదు. మిగిలినవి రెండు. ఈ రెండిట్లో ఏది అందలేదో కనిపెట్టడమే రిపేరులో సగం పని. మిగతా సగం స్పానరు పని.

ఈ వ్యాసం కొత్త కార్ల గురించి కాదు. వాటికి కంప్యూటరు తగిలిస్తే జబ్బు ఫలానా అని అదే చెబుతుంది. మనం మాట్లాడుకునేది నోరులేని పాత అంబాసిడరు గురించి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసు కారు నమూనాగా హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివర దీన్ని తయారుచెయ్యడం మొదలెట్టారు. 1962లో మార్క్-2, 1975లో మార్క్-3, 1979లో మార్క్-4 వచ్చాయి. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. ఒకప్పుడు ఆఫీసర్లకీ, శాసనసభ్యులకీ, టాక్సీలకీ, పెళ్ళివారికీ ఇదే బండి. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం సుమారు 50 కిలోమీటర్లు. ఆ దారిలో అంబాసిడరు ఎదురుపడటం ఇప్పుడు అరుదే. అయినా ఇంటి పెద్దల గుర్తుగా దాచుకున్నవీ, పెళ్ళి ముస్తాబులకి అద్దెకిచ్చేవీ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

వీటిలో కొన్నిటికి ఇంకో విశేషం ఉంది. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 2001లో ప్రత్యేకమైన ఉత్తర్వు తెచ్చి, కార్లలో ఎల్.పి.జి. వాడటానికి కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక చాలామంది గ్యాసు కిట్టు బిగించుకున్నారు. అప్పటినుంచి ఆ బండికి రెండు తొట్లు, రెండు దార్లు, మధ్యన ఒక స్విచ్చి. అరవై ఏళ్ళ నాటి ఇంగ్లీషు వైరింగు మీద ఈ కొత్త వైరింగు అంటుకట్టినట్టు వచ్చి కూర్చుంది. గొడవంతా ఆ అంటు దగ్గరే!

రంగుల భాష

పాత అంబాసిడరు వైరింగు బర్మింగ్‌హాం నగరపు లూకాస్ కంపెనీ పద్ధతిది. లూకాస్ దీపాలు సమయానికి వెలగవని ఇంగ్లండులో ఆ కంపెనీకి "చీకటి రాకుమారుడు" అని వేళాకోళంగా పేరు పెట్టారు. కాని ఆ కంపెనీ ఒక మంచి పని చేసింది. ప్రతి వైరుకీ దాని పనిని బట్టి రంగు నిర్ణయించింది. ఆ రంగులు తెలిస్తే సగం సర్క్యూటు తెలిసినట్టే.

గోధుమ రంగు వైరు బేటరీ నుంచి నేరుగా వస్తుంది. తాళం తీసేసినా అందులో కరెంటు ఉంటుంది. దానికి ఫ్యూజు లేదు. తెల్ల వైరులో తాళం తిప్పితేనే కరెంటు. ఇగ్నిషను కాయిలుకి పోయేది ఇదే. దీనికీ ఫ్యూజు లేదు. తెల్ల వైరు ఫ్యూజు దాటాక ఆకుపచ్చ అవుతుంది. వైపరు, బ్రేకు లైటు, ఇండికేటరు, పెట్రోలు గేజి దాని మీద ఉంటాయి. గోధుమ వైరు ఫ్యూజు దాటాక ఊదారంగు అవుతుంది. హారను, లోపలి దీపం దాని మీద. నీలం హెడ్‌లైట్లకి, ఎరుపు పక్కదీపాలకీ వెనక దీపాలకీ. నలుపంటే ఎర్తు.

అయితే ఇది కంపెనీ నుంచి బయటికొచ్చిన నాటి మాట. నాలుగైదు చేతులు మారిన బండిలో ఏ రంగు ఎక్కడుంటుందో బ్రహ్మకే తెలియాలి. పైగా షెడ్డులో నిలిపిన బండిలో ఎలకలు చేరి వైరు తొడుగు కొరికేస్తాయి. వడ్లు, తౌడు నిలవుండే ఇళ్ళవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కనుక రంగు చూసి ఊహించండి గాని, పరీక్షించే నమ్మండి.

ఫ్యూజు మీది అంకె

ఇక్కడ చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 ఆంపియర్లని ఉంటే, అది కరిగిపోయే కరెంటు. ఆ ఫ్యూజు నిత్యం మొయ్యగలిగేది సుమారు 17 ఆంపియర్లే. ఇప్పటి ప్లాస్టిక్ బ్లేడు ఫ్యూజుల మీద రాసేది నిత్యం మొయ్యగలిగే కరెంటు. పాతదాని మీద 35 అని చూసి కొత్త రకంలో 35 వేస్తే, కాపలా రెండింతలు వదులైపోయినట్టే. ఫ్యూజు కంటే ముందు వైరు తొడుగు కరుగుతుంది. ఇక ఫ్యూజు బదులు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, రాగి తీగ మెలేసి పెట్టడం గురించి ఏం చెప్పాలి! ఫ్యూజు తరచు పోతోందంటే ఎక్కడో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందన్నమాట. రాగి తీగ ఆ జబ్బు నయం చెయ్యదు, నిప్పుకి దారి చేస్తుంది.

ఎర్తు అంటే తిరుగు దారి

ఇంట్లో బల్బుకి రెండు వైర్లుంటాయి. కారులో ఒకటే. రెండో వైరు పని కారు బాడీయే చేస్తుంది. బేటరీ ఒక కొస బాడీకి కలిపి ఉంటుంది. కరెంటు వైరులో వెళ్ళి, దీపం వెలిగించి, రేకులోంచి తిరిగి బేటరీకి వస్తుంది. (కొన్ని పాత ఇంగ్లీషు కార్లలో పాజిటివు కొస ఎర్తు, తర్వాతి వాటిలో నెగెటివు కొస. బేటరీ మార్చేముందు ఏదో చూసుకోవాలి.)

రేకుకి దీపాన్ని కలిపే మర దగ్గర తుప్పు పట్టిందనుకోండి. మన కొల్లేటి ప్రాంతంలో మంచు, ముసురు, బురద ఎక్కువ. తుప్పు తప్పదు. దాని ఫలితమేమిటో ఒక చిన్న లెక్క చేద్దాం. హెడ్‌లైట్లు ఒక్కొక్కటి 45 వాట్లు, రెండూ 90 వాట్లు. బేటరీ 12 వోల్టులు. అంటే కరెంటు 7.5 ఆంపియర్లు, రెండు దీపాల ఉమ్మడి నిరోధం 1.6 ఓములు. రెండిటికీ ఒకటే అయిన ఎర్తు మర దగ్గర తుప్పు వల్ల 0.4 ఓము నిరోధం వచ్చిందనుకుందాం. మొత్తం 2 ఓములు. కరెంటు 6 ఆంపియర్లకి దిగుతుంది. దీపాలకి అందేది 9.6 వోల్టులు. మిగిలిన 2.4 వోల్టులు తుప్పు తినేస్తుంది; అక్కడ 14.4 వాట్ల వేడి పుడుతుంది. (ఫిలమెంటు చల్లబడితే దాని నిరోధమూ కొంత తగ్గుతుంది, లెక్క సులువు కోసం దాన్ని వదిలేశాం.)

వోల్టేజి పోయింది ఐదో వంతే. కాని ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజితో సమానంగా తగ్గదు. ఇంచుమించు 3.4 ఘాతంలో తగ్గుతుంది. లెక్క వేస్తే వెలుగు సగానికంటె తక్కువకి పడిపోతుంది. రాత్రిపూట చెరువు గట్టు మీద ఎదురుగా గేదె ఉందో, గుంట ఉందో కనపడకపోవడానికి ఈ అర ఓమైనా లేని తుప్పు చాలు. మనవాళ్ళు కొత్త బల్బులు కొంటారు, తర్వాత బేటరీ కొంటారు. గరుకు కాగితంతో మర గోకి బిగిస్తే సరిపోయేది!

స్టార్టరు సంగతి ఇంకా పెద్దది. అది తిరిగేటప్పుడు నూరు ఆంపియర్లకి పైగా లాగుతుంది. ఆ దారిలో 0.05 ఓము ఉన్నా 5 వోల్టులు హరీ. ఇంజనుకీ బాడీకీ మధ్య ఒక అల్లిక పట్టీ ఉంటుంది. అది తెగితే స్టార్టరు కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. చోకు కేబులులోంచో, యాక్సిలరేటరు కేబులులోంచో తిరిగొస్తుంది. స్టార్టు చేసినప్పుడు చోకు పిడి వేడెక్కిందంటే ముందు ఆ పట్టీ చూడాలి.

పది రూపాయల పరికరం

లాబొరేటరీలో మనం మల్టీమీటరుకి అలవాటుపడ్డాం. కారులో ఒక్కోసారి అదే మోసం చేస్తుంది. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. కాబట్టి తుప్పు పట్టిన జాయింటు దాటాక కూడా అది 12 వోల్టులే చూపిస్తుంది. కరెంటు ప్రవహిస్తేనే కదా నిరోధం మీద వోల్టేజి పడేది! అందుచేత ఒక 12 వోల్టుల బల్బుకి రెండు వైర్లు అతికి, ఒక కొసకి మొసలిమూతి క్లిప్పు, రెండో కొసకి ఒక సూది తగిలించుకోండి. క్లిప్పు బాడీకి, సూది పరీక్షించే చోటికి. బల్బు దండిగా వెలిగితే కరెంటు వస్తోంది, ఎర్తూ బాగుంది. గుడ్డిగా వెలిగితే ఆ దారిలో ఎక్కడో పీట ఉంది. బేటరీ వైపు నుంచి ఒక్కొక్క మెట్టూ దిగుతూ పోతే, వెలిగిన చోటికీ వెలగని చోటికీ మధ్య దోషం దొరుకుతుంది. మల్టీమీటరు వాడాలంటే దీపం వెలుగుతుండగా వాడాలి.

మా బంధువుల ఇంట్లో ఒక గ్యాసు అంబాసిడరుంది. రెండు రాత్రులు నిలిపితే బేటరీ చచ్చేది. బాగుచేసినవాళ్ళు ఏడాదిలో రెండు బేటరీలు మార్పించారు. ఒక ఆదివారం బేటరీ నెగెటివు వైరు ఊడదీసి, ఆ వైరుకీ బేటరీ కొసకీ మధ్య ఈ బల్బు పెట్టాము. తాళం జేబులో ఉంది, అన్నీ ఆర్పి ఉన్నాయి, అయినా బల్బు వెలిగింది! అంటే ఏదో దొంగ కరెంటు తాగుతోంది. ఒక్కొక్క ఫ్యూజే తీసి చూశాము. గ్యాసు కిట్టు ఫ్యూజు తీసేసరికి బల్బు ఆరింది. సంగతేమిటంటే, కిట్టు బిగించినవాళ్ళు దాని కరెంటు తెల్ల వైరు నుంచి కాక గోధుమ వైరు నుంచి తీసుకున్నారు. తాళం తీసినా పెట్రోలు వాల్వు తెరుచుకునే ఉంటోంది. ఆ కాయిలు లాగేది సుమారు 1 ఆంపియరు. రెండు రోజులంటే 48 గంటలు, 48 ఆంపియర్-అవర్లు. కొద్దిగా పాతబడ్డ 60 ఆంపియర్-అవరు బేటరీ ఇంకేం నిలుస్తుంది? వైరు మార్చాక ఆ బేటరీ మళ్ళీ మొరాయించలేదు.

రెండు తొట్ల యుక్తి

రెండు ఇంధనాలతో ఒక ఇంజను నడపడం మన పల్లెలకి కొత్త కాదు. నీళ్ళు తోడే చిన్న ఇంజన్లలో పెట్రోలుతో స్టార్టు చేసి కిరసనాయిలుతో నడిపేవి ఉండేవి. చిన్న తొట్టిలో పెట్రోలు, పెద్ద తొట్టిలో కిరసనాయిలు, మధ్యన ఒక కుళాయి. కిరసనాయిలు చల్లగా ఉన్నప్పుడు ఆవిరి కాదు. అందుకని ఇంజను వేడెక్కాక కుళాయి తిప్పేవారు. ఆపేముందు మళ్ళీ పెట్రోలు వైపు తిప్పి కాసేపు నడిపేవారు, మర్నాటికి కార్బురేటరులో పెట్రోలు సిద్ధంగా ఉండాలని. ఈ క్రమశిక్షణ తెలిసిన రైతుకి గ్యాసు కారు వేరే నేర్పనక్కరలేదు.

కారులో కుళాయి పని కరెంటు వాల్వులు చేస్తాయి. పెట్రోలు పంపుకీ కార్బురేటరుకీ మధ్య ఒకటి, గ్యాసు గొట్టం మీద ఒకటి. కరెంటిస్తే తెరుచుకుంటాయి, తీసేస్తే స్ప్రింగు మూసేస్తుంది. డిక్కీలోని ట్యాంకు నుంచి గ్యాసు ద్రవరూపంలో ముందుకొచ్చి, ఇంజను వేడినీళ్ళతో వెచ్చబడే రెడ్యూసరులో ఆవిరై, కార్బురేటరు నోటి దగ్గర గాలిలో కలుస్తుంది. చల్లని ఇంజను మీద గ్యాసు పెడితే రెడ్యూసరు మంచు పట్టి బిగుసుకుపోవచ్చు. అందుకే ముందు పెట్రోలుతో స్టార్టు చెయ్యమనేది.

స్విచ్చికి మూడు స్థానాలు: పెట్రోలు, మధ్య, గ్యాసు. ఈ మధ్యదెందుకో చాలామందికి తెలియదు. అక్కడ రెండు వాల్వులూ మూసి ఉంటాయి. కార్బురేటరు గిన్నెలో మిగిలిన పెట్రోలుతో బండి కొంత దూరం నడుస్తుంది. అది అయిపోయి ఇంజను ఒక చిన్న తడబాటు చూపగానే గ్యాసుకి తిప్పాలి. మధ్యలో ఆగకుండా పెట్రోలు నుంచి నేరుగా గ్యాసుకి దూకితే గిన్నెలోని పెట్రోలూ, కొత్తగా వచ్చే గ్యాసూ రెండూ కలిసి ఇంజనుకి అజీర్తి చేస్తుంది. నల్లపొగ కక్కి ఆగిపోతుంది. "గ్యాసు మీద ఆగిపోతోందండీ" అనే ఫిర్యాదుల్లో ఇదొకటి. గ్యాసు నుంచి పెట్రోలుకి మాత్రం నేరుగా తిప్పవచ్చు.

ఇప్పుడు శీర్షికలోని చిక్కుముడి విప్పుదాం. సాధారణంగా బండి టక్కున, దీపం ఆర్పినట్టు ఆగితే కరెంటు దోషం; దగ్గుతూ, కుదుపులతో ఆగితే ఇంధన దోషం. ఇది పాత డ్రైవర్ల సూత్రం, నూటికి తొంభైపాళ్ళు నిజమే అనుకోవచ్చు. కాని కిట్టు బిగించిన బండిలో కిట్టు ఫ్యూజు పోయిందనుకోండి. రెండు వాల్వులూ మూసుకుంటాయి. గిన్నెలోని పెట్రోలు ఉన్నంతసేపు బండి నడిచి, తర్వాత దగ్గుతూ ఆగిపోతుంది. అచ్చం పెట్రోలు అయిపోయిన లక్షణమే! డ్రైవరు గేజి చూస్తాడు, సగం పైన ఉంటుంది. పంపు విప్పుతాడు, బాగుంటుంది. జెట్లు ఊదుతాడు, శుభ్రంగా ఉంటాయి. జబ్బు కరెంటుది, లక్షణం పెట్రోలుది. తొట్టి నిండా పెట్రోలున్నా బండి కదలకపోవడం ఇలాగే.

దీన్ని పట్టడం సులభం. ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి, పెట్రోలు వాల్వు మీద వేలు పెట్టి, ఒకర్ని స్విచ్చి వెయ్యమనాలి. "టిక్కు" మని కొట్టుకుంటే వాల్వు బతికుంది. కొట్టుకోకపోతే బల్బు పరికరంతో దాని వైరు చూడాలి. వైరులో కరెంటుండీ టిక్కు లేకపోతే కాయిలు పోయిందో, దాని ఎర్తు పోయిందో. కరెంటే లేకపోతే ఫ్యూజు, దాని వెనక తెల్ల వైరు. చాలా పెట్రోలు వాల్వులకి అడుగున చేత్తో తిప్పే చిన్న మీట గాని మర గాని ఉంటుంది. అది తిప్పితే కరెంటు లేకుండానే దారి తెరుచుకుంటుంది. అర్ధరాత్రి లంక గ్రామాల మధ్య గట్టు మీద ఆగినవాడికి ఈ మీట ఇల్లు చేరుస్తుంది. గ్యాసు వాల్వుకి మాత్రం ఇలాంటి అడ్డదారులు వెయ్యకూడదు. ఇంజను ఆగితే కొద్ది క్షణాల్లో గ్యాసు దానంతటదే ఆగేలా స్విచ్చిలో ఏర్పాటు ఉంటుంది. కాయిలు నుంచి వచ్చే స్పందన చూసి అది పనిచేస్తుంది. నేరుగా కరెంటిస్తే ఆ కాపలా పోయినట్టే.

వరద నీళ్ళలో నడిచిన బండి సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాల దారులు మునిగాయి. అలాంటప్పుడు ఫ్యాను రెక్కలు నీళ్ళని డిస్ట్రిబ్యూటరు మీదికి చిమ్ముతాయి. రవ్వ తడి వెంట బాడీలోకి జారిపోతుంది. మూత తీసి లోపలా బయటా పొడిగుడ్డతో తుడవాలి. నీరు దిగిన తర్వాత కిట్టు కనెక్షన్లన్నీ విప్పి, ఆరబెట్టి, కాస్త గ్రీజు రాసి బిగించాలి. లేకపోతే ఆ రోజు నడిచిన బండి రెండు నెలల తర్వాత తుప్పుతో ఆగుతుంది.

ప్రాణం మీదికి తెచ్చేవి

ఎల్.పి.జి. ఆవిరి గాలికంటె బరువైనది. కారితే పైకిపోదు, డిక్కీ అడుగునా, గుంటల్లోనూ చేరి కూర్చుంటుంది. దానికి స్వతహాగా వాసన లేదు. మనకి తెలియాలని ఘాటైన మెర్‌కాప్టాన్ కలుపుతారు. ఆ వాసన తగిలిందా, అక్కడ బల్బు పరికరమూ వద్దు, స్విచ్చీ వద్దు, అగ్గిపుల్ల అసలే వద్దు. ఇంజను ఆపి, అందరూ దిగి, తలుపులూ డిక్కీ తెరిచి, ట్యాంకు మీది చేతి వాల్వు కట్టేసి దూరం జరగాలి. ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది కనుక ట్యాంకు 80 శాతం మించి నింపకూడదు. అసలైన కారు ట్యాంకులో అంతకి మించి ఎక్కకుండా వాల్వే అడ్డుకుంటుంది.

వంటింటి గ్యాసు బండలో ఆ ఏర్పాట్లేవీ లేవు. కుదుపులకి తట్టుకునే బిగింపూ లేదు. 14.2 కిలోల బండని డిక్కీలో దొర్లించి రబ్బరు గొట్టంతో కలిపి నడపడం నేరమన్నది ఒక సంగతి. పక్కనే ఫ్యూజు లేని వైరు, తుప్పు పట్టి వేడెక్కే ఎర్తు మర ఉన్నాయన్నది అసలు సంగతి. పైన లెక్కలో తుప్పు దగ్గర పుట్టిన 14 వాట్ల వేడిని గుర్తు తెచ్చుకోండి. రాగి తీగ ఫ్యూజునీ గుర్తు తెచ్చుకోండి. ఈ మూడూ ఒక్క డిక్కీలో కలిస్తే, ఆ కారులో పెళ్ళికి వెళ్ళే పిల్లల సంగతేమిటి? అనుమతి ఉన్న కిట్టు, ఆర్.సి.లో నమోదు, ఐదేళ్ళకోసారి ట్యాంకు పరీక్ష ఇవన్నీ ఆఫీసుల చుట్టూ తిప్పడానికి పెట్టిన తతంగం కాదు.

మిత్రులారా! మనలో చాలామంది ఓమ్ సూత్రాన్ని పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా చదివి మర్చిపోయాం. పల్లెల్లో ఇళ్ళవాళ్ళు బండి పాడైతే చెప్పిందల్లా నమ్మి డబ్బు పోసేది ఆ సూత్రం తెలియకే. సెలవులకి వెళ్ళినప్పుడు ఆ బల్బు పరికరం ఒకటి చేసి తీసుకెళ్ళండి. కారు లేకపోతే ట్రాక్టరుంటుంది; వైరింగు తీరు అదే. ముందు బేటరీ కొసలు, తర్వాత ఎర్తు పట్టీ, తర్వాత ఫ్యూజు, ఆ పైన వాల్వులు. ఈ వరసలో చూడండి. ఎక్కడైనా ఫ్యూజు స్థానంలో రాగి తీగ కనబడితే, మరి దేనికీ ఆగకుండా ముందు అది పీకెయ్యండి.